గండి ఎక్కడ పడింది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం తణుకు నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. మనవరాలు పాసైన కబురు రెండు ముక్కల్లో చెప్పేసి గొంతు తగ్గించింది.

"ఒరేయ్ నాన్నా, నా ఫోనుకి ఏదో అయిందిరా. మధ్యాహ్నం నుంచీ టింగు టింగుమని ఒకటే మోత. పదమూడు వైరస్‌లు ఉన్నాయంట. ఇప్పుడే తీసెయ్యకపోతే ఫొటోలన్నీ పోతాయంట. నేనే ఏదో నొక్కకూడనిది నొక్కేసినట్టున్నాను."

"ఫొటోలెక్కడికీ పోవు అత్తా. ఆ మాటలు నీ ఫోను చెప్పట్లేదు. ఎవరు చెబుతున్నారో రేపు వచ్చి చూస్తాను. అందాకా వాటి మీద మాత్రం నొక్కకు," అన్నాను.

ఆమె గొంతులో భయం కంటే తప్పు చేశానన్న నొచ్చుకోలే ఎక్కువగా వినిపించింది. ఈ అధ్యాయం రాయడానికి ఆ నొచ్చుకోలే కారణం. ఫోను కొత్తగా పట్టిన పెద్దవాళ్లకు తెర మీద అడగని కిటికీ ఒకటి తెరుచుకోగానే నేరం తమదే అనిపిస్తుంది. ఎవరికీ చెప్పుకోరు. కొందరు ఆ భయంలోనే తెర మీద కనిపించే నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటారు.

బ్రౌజర్ తనంతట తాను ఎక్కడికీ వెళ్లదు. ఎవరో ఒకరు వెళ్లమంటేనే వెళ్తుంది, తెరవమంటేనే తెరుస్తుంది. ఆ చెప్పినవాళ్లెవరో పట్టుకోవడమే ఇక్కడి వైద్యమంతా. తణుకు చుట్టుపక్కల పొలాలకు గోదావరి కాలువ నీళ్లు పారతాయి. మడిలోకి నీరు రాకపోయినా, రాకూడని చేలోకి పోతున్నా మా మావయ్య మడి గట్టున కూర్చుని దిగులుపడడు. బోదె వెంట పైకి నడుస్తాడు. ఎక్కడి దాకా నీరు సరిగ్గా ఉందో, ఎక్కడి నుంచి దారి తప్పిందో చూస్తాడు. గండి ఆ రెండింటి మధ్యే ఉంటుంది.

మనం ఒక సైట్ పేరు కొట్టినప్పుడు జరిగేదీ అలాంటి ప్రయాణమే. ముందు ఆ పేరుకు ఏ నంబరు చిరునామా ఉందో డీఎన్‌ఎస్ అనే వ్యవస్థను బ్రౌజర్ అడుగుతుంది. తర్వాత ఇంటి రూటర్, ఇంటర్నెట్ కంపెనీ తీగలు దాటి ఆ చిరునామాలోని సర్వర్ దగ్గరికి వెళ్తుంది. సర్వర్ పేజీ పంపుతుంది. ఆ పేజీలో యాడ్‌ల కోసం వదిలిన ఖాళీ గళ్లు ఉంటే, వాటిని నింపడానికి మరికొన్ని సర్వర్లు తమ కోడ్ పంపుతాయి. చివరికి అదంతా మన బ్రౌజర్‌లో, మనం తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లనే అదనపు పనిముట్ల కళ్ల ముందు తెరుచుకుంటుంది. ఈ దారిలో ఏ మలుపులోనైనా గండి పడొచ్చు. ఎక్కడ పడినా తెర మీద కనిపించే లక్షణం మాత్రం ఒకటే: మనం కోరని పేజీ.

ముందుగా ఒక మాట చెప్పాలి. దారి మళ్లించడమే తప్పని అనుకోకూడదు. ఇల్లు మారినవాళ్లు పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసి ఇచ్చినట్టు, చోటు మారిన పేజీ కూడా తన కొత్త తావు చెప్పాలి. అందుకోసమే సర్వర్ జవాబుల్లో 301, 302 వంటి అంకెలు ఉన్నాయి. ఇక శాశ్వతంగా అక్కడే ఉంటానని 301 అర్థం, ప్రస్తుతానికి అక్కడ ఉన్నానని 302 అర్థం. ఆ అంకెతో పాటు కొత్త చిరునామా వస్తుంది. బ్రౌజర్ మనల్ని అడగకుండానే అక్కడికి వెళ్తుంది. రెండు పేజీలు ఒకదాన్నొకటి చూపించుకుంటూ పోతే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఇరవై మలుపుల దాకా ఓపిక పట్టి ఆగిపోతాయి. మనం రోజూ వాడే బ్యాంకు సైట్లు, వార్తా సైట్లు ఈ మలుపులు తిప్పుతూనే ఉంటాయి. వంచనకు కొత్త పనిముట్టు ఎవరూ కనిపెట్టనక్కర్లేకపోయింది. మంచి పనికి చేసిందే చాలింది.

పాప్-అప్ సంగతీ అంతే. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాషకు తొలి రూపం ఇచ్చాడు. అదే జావాస్క్రిప్ట్. పేజీ తనంతట తాను కొత్త కిటికీ తెరిచే శక్తి దాని వల్ల వచ్చింది. ఆ శక్తిని యాడ్‌లకు వాడిన తొలివాళ్లలో ఈథన్ జకర్‌మన్ ఒకడు. 1990ల చివర్లో అతను ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసేవాడు. ఎవరైనా ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే చోటు అది. ఒక కార్ల కంపెనీ యాడ్ అశ్లీలమైన పేజీ మీద కనిపించింది. కంపెనీ మండిపడింది. ఆ పేజీకీ తమ యాడ్‌కీ సంబంధం ఉన్నట్టు కనిపించకుండా ఉండటానికి, యాడ్‌ను విడి కిటికీలో తెరిచే కోడ్ జకర్‌మన్ రాశాడు. 2014లో అట్లాంటిక్ పత్రికలో ఈ కథంతా తనే రాసి, క్షమాపణ చెప్పుకున్నాడు. ఉద్దేశం మంచిదేనని కూడా అందులో అన్నాడు. నేనది నమ్ముతాను. అయితే ఆ కిటికీలు కొన్నేళ్లలోనే ఎలా పెరిగాయో అప్పటి ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్న మా తరానికి గుర్తుంది. ఒకటి మూస్తే మూడు తెరుచుకునేవి. గంటకింత అని కట్టిన డబ్బులో సగం వాటిని మూయడానికే పోయేది.

2004లో గట్టి అడ్డు పడింది. ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ, నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ తొలి వెర్షన్‌కూ పాప్-అప్‌లను ఆపే నేర్పు వచ్చింది. అంతకు ముందే ఒపెరా, మొజిల్లా దారి చూపాయి. ఆ అడ్డుకట్ట వెనకున్న సూత్రం చిన్నది: మనిషి వేలు కదిలితేనే కొత్త కిటికీ తెరవాలి. పేజీ తనంతట తెరవబోతే వద్దనాలి.

దాంతో యాడ్‌వాళ్లు మన వేలి వెంట పడ్డారు. పాత సీరియళ్లు, కొత్త సినిమాలు ఉచితంగా చూపిస్తామనే సైట్లలో ప్లే బొమ్మ మీద నొక్కగానే వేరే ట్యాబ్ తెరుచుకోవడం చాలామంది చూసే ఉంటారు. అక్కడ వీడియో మీద కంటికి కనపడని గాజు పలక లాంటి పొర పరిచి ఉంటుంది. మనం నొక్కింది ఆ పొరని. బ్రౌజర్ దృష్టిలో మనిషి వేలు కదిలింది కాబట్టి కిటికీ తెరవడం న్యాయమే. మూసే గుర్తులా కనిపించే గుణకారం గుర్తు కూడా చాలాచోట్ల యాడ్‌లో గీసిన బొమ్మే. ఇది ఆ సైట్ బతుకుతెరువు కాబట్టి మన ఫోను ఎంత శుభ్రం చేసినా ఆగదు. ఆ సైట్‌కు వెళ్లకపోవడమే దీనికి మందు.

మంచి వార్తా సైట్ చదువుతుండగా పేజీ మొత్తం ఎగిరిపోయి, "అభినందనలు, మీరు ఫోన్ గెలిచారు" అని రావడం వేరే సంగతి. యాడ్ గడిలోకి వచ్చిన కోడ్ తన గడి దాటి పేజీనంతా లాక్కుపోతుంది. ఆ గడి ఎవరికన్న వేలం మనం పేజీ తెరిచే క్షణంలోనే యంత్రాల మధ్య ముగిసిపోతుంది. గెలిచిన కోడ్ ఏం చేస్తుందో పత్రికవాళ్లకే ముందుగా తెలియదు. 2018 ఆరంభంలో వచ్చిన క్రోమ్ 64వ వెర్షన్ నుంచి, మనం ముట్టుకోని యాడ్ గడి పేజీని లాక్కుపోవడాన్ని బ్రౌజరే ఆపుతోంది. బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోమనడానికి నాకు తెలిసిన బలమైన కారణాల్లో ఇదొకటి.

మర్నాడు తణుకు వెళ్లి అత్త ఫోను చేతిలోకి తీసుకున్నాను. బ్రౌజర్ మూసే ఉంది. అయినా మోత ఆగలేదు. మొదటి ఆచూకీ అదే. పేజీ తెరవకుండానే వస్తోందంటే వచ్చేది పాప్-అప్ అయ్యుండదు, నోటిఫికేషన్ అయ్యుండాలి. 2015లో క్రోమ్ 42వ వెర్షన్ నుంచి వెబ్‌సైట్లకు కూడా నోటిఫికేషన్ పంపే హక్కు దొరికింది. ఒకసారి అనుమతిస్తే చాలు, సైట్ తాలూకు చిన్న కోడ్ ముక్క బ్రౌజర్‌లో ఉండిపోతుంది. ట్యాబ్ మూసినా సర్వర్ నుంచి కబురు రాగానే మేలుకుని తెర మీద చూపిస్తుంది. వార్తలకూ రైలు వేళలకూ పనికొచ్చే ఏర్పాటు ఇది.

"రిజల్ట్ చూసేటప్పుడు ఏమైనా అడిగిందా అత్తా?"

"రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కమందిరా. నొక్కాను. నేను రోబోని కాదు కదా."

అడిగిన దానికి ఆమె నిజమే చెప్పింది. అబద్ధం అడిగినవాళ్లది. మనిషా, యంత్రమా అని పరీక్షించే పేజీ ఏదీ నోటిఫికేషన్ల అనుమతి కోరదు. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. ఫలితాల రోజున అసలు సైట్ జనం తాకిడికి నత్తనడక నడుస్తుంటే, వెతుకులాటలో దానిలాంటి పేర్లే పైన కనిపిస్తాయి. బిడ్డ మార్కుల కోసం ఆత్రంగా ఉన్న మనిషి చేత ఏ బటన్ అయినా నొక్కించొచ్చని వాళ్లకు తెలుసు. 2020 ఆరంభంలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఈ ప్రశ్నను తెర మధ్యలోంచి తప్పించి మూలకు నెట్టే ఏర్పాట్లు తెచ్చాయి. బెడద తగ్గింది గానీ పోలేదు.

నోటిఫికేషన్‌ను కాస్త కిందికి లాగి చూస్తే పంపిన సైట్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అత్త ఫోనులో కనిపించింది తల్లీతండ్రీ లేని పేరు, అంకెలూ అక్షరాలూ కలగలిపి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్లు. అనుమతి పొందినవాళ్ల జాబితా అక్కడ కనిపిస్తుంది. అత్త జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఒక్కొక్కటే ఆమెకు చదివి వినిపించాను. ఆమె గుర్తుపట్టింది ఒక్క భక్తి పాటల సైట్‌నే. మిగతా పది తీసేశాం. మోత ఆగిపోయింది. ఫోను రీసెట్ చేయలేదు, ఏ యాంటీవైరస్సూ ఎక్కించలేదు.

"మరి ఆ పదమూడు వైరస్‌ల సంగతి?" అని అడిగింది.

వెబ్‌పేజీకి ఫోనులోని ఫైళ్లను వెతికే వీలు లేదు. బ్రౌజర్ దాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి నడుపుతుంది. ఫొటోలు, మెసేజ్‌లు దాని కంటపడవు. కానీ ఫోను ఏ రకందో, ఏ బ్రౌజరో సుమారుగా తెలుస్తుంది. ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఊరునూ ఉజ్జాయింపుగా కట్టగలదు. ఆండ్రాయిడ్‌లో ఫోనును వణికించనూ గలదు. ఈ కాస్తతోనే నాటకమంతా నడుస్తుంది. మన ఫోను మోడల్ పేరు తెర మీద కనిపించి, చేతిలో ఫోను వణికితే ఎవరికైనా గుండె జారుతుంది. పదమూడు అన్న అంకె మాత్రం ఎవరో కూర్చుని రాసుకున్నది.

కంప్యూటర్‌లో ఇదే నాటకం తెర నిండా పరుచుకుని, బీప్ కొడుతూ, ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటుంది. చేయకూడదు. ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే నిండు తెర విడిపోతుంది. విడవకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను ఆపేసి, మళ్లీ తెరిచినప్పుడు పాత ట్యాబ్‌లు తెరవాలా అంటే వద్దనాలి. అప్పటికే డబ్బు పంపేసి ఉంటే మాత్రం సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అత్త ఫోనులో జవాబు తొందరగా దొరికింది. దొరకనప్పుడు బోదె వెంట నడవాలి. నడిచే పద్ధతి బడిలో సైన్సు ప్రయోగాల్లో నేర్పినదే: ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. సైట్ అదే, ఫోను అదే, వైఫై తీసి మొబైల్ డేటా పెట్టండి. దారి మళ్లడం ఆగిందా? అయితే గండి ఇంటి రూటర్‌లోనో, ఆ ఇంటర్నెట్ లైన్‌లోనో ఉంది. ఆగలేదా? అదే ఫోనులో వేరే బ్రౌజర్‌తో తెరవండి. ఈసారి బాగుంటే మొదటి బ్రౌజర్‌లోనే ఏదో తిష్ఠ వేసింది. అన్ని ఫోన్లలో, అన్ని లైన్ల మీద ఆ ఒక్క సైటే మళ్లుతుంటే మన ఇంట్లో లోపం లేదు, ఆ సైటే చెడింది. చాలామంది అన్నీ ఒకేసారి మారుస్తారు. కుకీలు చెరిపి, రూటర్ ఆపి, ఫోను రీసెట్ కొట్టి కూర్చుంటారు. బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. వారానికి మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

కంప్యూటర్ బ్రౌజర్ మీద అనుమానం వస్తే అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) కిటికీ తెరిచి చూడటం తేలిక పరీక్ష. మనం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ అంతా సవ్యంగా ఉండి, మామూలు కిటికీలో తేడాగా ఉంటే ఎక్స్‌టెన్షన్ల వైపే చూడాలి. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అన్న అనుమతి మీద మనం ఆగి ఆలోచించం. ఆ వాక్యంలో అతిశయోక్తి లేదు. బ్యాంకు పేజీ దగ్గర్నుంచి వెతుకులాట ఫలితాల దాకా అన్నీ దాని చేతిలోనే ఉంటాయి.

ఇక్కడ నన్ను బాగా కలవరపెట్టిన కథ గ్రేట్ సస్పెండర్‌ది. వాడకుండా పడి ఉన్న ట్యాబ్‌లను నిద్రపుచ్చి కంప్యూటర్ మెమరీ మిగిల్చే ఎక్స్‌టెన్షన్ అది. మంచి పేరున్నది. ఇరవై లక్షల మందికి పైగా వాడేవారు. 2020 జూన్‌లో దాన్ని తయారుచేసినవారు వేరొకరికి అప్పగించారు. వాడేవాళ్లకు ఆ మార్పు ఎలా తెలుస్తుంది? ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. 2021 ఫిబ్రవరిలో, అందులో హానికరమైన కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి, జనం బ్రౌజర్లలోనూ ఆపేసింది. ఏళ్ల కిందట ఎంతో చూసుకుని ఎక్కించుకున్నవాళ్లూ అందులో ఉన్నారు. అప్పుడు నమ్మింది ఒకరిని, తాళంచెవి ఇప్పుడున్నది ఇంకొకరి దగ్గర. అందుకే ఆరు నెలలకోసారి ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి, వాడనివి తీసేయమని నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ చెబుతాను. దొంగను పట్టాలంటే ముందు అన్నిటినీ ఆపి, ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలి. తీసేసినది మర్నాడు మళ్లీ ప్రత్యక్షమైతే రెండు కారణాలు చూడాలి: అదే ఖాతాతో కలిసి ఉన్న మరో కంప్యూటర్ నుంచి సింక్ అయి వస్తుండొచ్చు, లేదా కంప్యూటర్‌లో కూర్చున్న ఏదో ప్రోగ్రామ్ దాన్ని తిరిగి పెడుతుండొచ్చు. సొంత కంప్యూటర్‌లో క్రోమ్ మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న వాక్యం కనిపిస్తే రెండో కారణం మీద అనుమానం బలపడుతుంది.

ఫోనులో బ్రౌజర్ తెరవకుండానే, హోమ్ స్క్రీన్ మీద నిండు తెర యాడ్ వచ్చి పడితే అది చాలాసార్లు ఏదో యాప్ పని. టార్చ్, వాల్‌పేపర్, క్లీనర్ లాంటి పేర్లతో తిరుగుతుంటాయి. 2020 ఫిబ్రవరిలో ఇలాంటి యాడ్‌లు వేస్తున్న దాదాపు 600 యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ నుంచి తొలగించింది. యాడ్ కనిపించిన క్షణంలో ఇటీవలి యాప్‌ల వరుస తెరిస్తే, దాని నెత్తిన ఉన్న గుర్తు చాలాసార్లు దొంగ పేరు చెబుతుంది.

రూటర్ దగ్గర గండి అరుదు, కానీ పడితే ఇంటిల్లిపాదికీ తగులుతుంది. పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్‌ను 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించాడు. ఆ వ్యవస్థ నిలబడింది నమ్మకం మీద. అడిగినప్పుడు చెప్పిన చిరునామాకే బ్రౌజర్ వెళ్తుంది. ఆ జవాబు చెప్పేవాడినే మార్చేస్తే? డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ చేసింది అదే. ఎస్టోనియాలోని ఒక ముఠా 2007 నుంచి వందకు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్‌ఎస్ సెట్టింగ్‌ను తమ సర్వర్ల వైపు తిప్పింది. ఐట్యూన్స్ అధికారిక సైట్ లింక్ నొక్కితే ఆపిల్‌తో సంబంధమే లేని దుకాణం తెరుచుకునేది. తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ మార్చని ఇంటి రూటర్లలోకీ అది చొరబడేది. ఈ ముఠా కనీసం కోటీ 40 లక్షల డాలర్లు సంపాదించాక, 2011 నవంబరులో ఎఫ్‌బీఐ దాని గుట్టు రట్టు చేసింది.

ఆ దొంగ సర్వర్లను ఉన్నపళంగా ఆపేస్తే ఆ లక్షల కంప్యూటర్లన్నిటికీ ఇంటర్నెట్ ఆగిపోతుంది, ఎందుకంటే అవి దారి అడిగేది ఆ దొంగలనే. కాబట్టి కోర్టు అనుమతితో వాటి స్థానంలో నిజాయితీగల సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు. ఎనిమిది నెలలు గడువిచ్చినా ఆ రోజుకు శుభ్రం కాని కంప్యూటర్లు లక్షల్లోనే మిగిలాయి. వాళ్లలో చాలామందికి తమ దారి ఎవరో మళ్లించారన్నదే తెలియదు.

ఇప్పుడు కొంత రక్షణ ఉంది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ, సైట్ అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చాలా సైట్లు తాళం గుర్తుకు మారాయి. డీఎన్‌ఎస్ తప్పు చిరునామా చెప్పినా, అక్కడ కూర్చున్నవాడి దగ్గర అసలు సైట్ సర్టిఫికెట్ ఉండదు. బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. తెలిసిన సైట్‌లో ఎప్పుడూ లేని ఆ హెచ్చరిక వస్తే దాటుకుని లోపలికి వెళ్లకండి. రూటర్ పాస్‌వర్డ్ మార్చి, దాని డీఎన్‌ఎస్ గడిలో తెలియని అంకెలు ఉన్నాయేమో చూసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి.

చివరి గండి సైట్‌లోనే పడేది. పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. విజయవాడలో చీరల కొట్టు నడిపే స్నేహితుడి సైట్‌కు ఇలాగే అయింది. గూగుల్‌లో వెతికి వచ్చిన కస్టమర్లు జూదం పేజీకి వెళ్లిపోతున్నామని ఫోన్లు చేశారు. అతను తన కంప్యూటర్‌లో తెరిస్తే అంతా చక్కగా ఉంది. "నా సైట్ బాగానే ఉందండీ, మీ ఫోన్లోనే ఏదో ఉంది" అని అందరికీ చెబుతూ వచ్చాడు. పది రోజులు అలాగే గడిచాయి.

లోపల దాగిన కోడ్ మూడు షరతులు చూసుకునేది. వచ్చినవాళ్లు గూగుల్ నుంచి వచ్చారా, ఫోన్ నుంచి వచ్చారా, మొదటిసారి వచ్చారా? మూడింటికీ అవునంటేనే మళ్లించేది, తర్వాత కుకీ అనే గుర్తు ఒకటి పెట్టి ఆ మనిషిని ఇక వదిలేసేది. యజమాని తన సైట్‌ను గూగుల్‌లో వెతుక్కోడు, నేరుగా పేరు కొడతాడు, అదీ కంప్యూటర్‌లో, రోజూ. అతనికి ఒక్కసారి కూడా కనపడకూడదనే ఆ మూడు షరతులు అల్లారు. కస్టమర్లేమో రెండోసారి చూపించబోతే కనపడక, తామే పొరబడ్డామనుకున్నారు.

మేం మొబైల్ డేటా మీద, అజ్ఞాత కిటికీలో, గూగుల్‌లో కొట్టు పేరు వెతికి నొక్కాం. వెంటనే జూదం పేజీ వచ్చింది. తర్వాత వెతకడానికి ఒక రాత్రి పట్టింది. రెండేళ్లుగా అప్‌డేట్ చేయని ఫొటోల ప్లగిన్ ఒకటి, సర్వర్ ఫైల్‌లో అర్థం కాకుండా మెలిపెట్టిన నాలుగు వరుసలు, అతను ఎన్నడూ సృష్టించని అడ్మిన్ ఖాతా ఒకటి దొరికాయి. వరుసలు చెరిపి ఖాతా వదిలేసి ఉంటే దొంగలు వారంలో మళ్లీ వచ్చేవారు. రెండూ తీసి, ప్లగిన్ మార్చి, పాస్‌వర్డ్‌లన్నీ కొత్తవి పెట్టాం. తెల్లవారాక అతను ఆ పది రోజుల్లో ఫోన్ చేసిన కస్టమర్ల నంబర్లు వెతికి పట్టుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "మీ ఫోన్లో ఏమీ లేదండీ, లోపం నా సైట్‌లోనే ఉంది" అని.